ఇంట్లో ఎవరూ అడగని చందాలు

నెలనెలా ఖాతాలోంచి దానంతట అదే వెళ్లిపోయే డబ్బు గురించి నన్ను అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. నా ఉద్యోగ జీవితమంతా కాకినాడలో బ్యాంకు కౌంటరు వెనకే గడిచింది. పదవీ విరమణ చేశాక కూడా మా అపార్ట్‌మెంటువాళ్లు పాసుబుక్కులు, ఫోన్లు పట్టుకుని వస్తూనే ఉంటారు. "ఇదేమిటండీ, ఈ నూట నలభై తొమ్మిది ఎవరికి పోతోంది?" అని మొదలుపెడతారు. వాళ్లకు కూర్చోబెట్టి చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఒక చందా ఉంచాలా, ఆపాలా అన్నది ధరను బట్టి తేలదు. చవకే కదా అని వదిలేసినవి ఏళ్ల తరబడి డబ్బు లాగుతూనే ఉంటాయి. ఖరీదని ఆపినదాన్ని రెండు నెలలు తిరక్కుండా మళ్లీ కట్టుకుంటాం. నేను చూసేది ఒక్కటే. అది ఆగిపోతే ఇంట్లో ఎవరు అడుగుతారు, ఎంత త్వరగా అడుగుతారు? అడిగే మనిషి పేరు చెప్పలేకపోతే ఆ చందా ఆ ఇంటికి అక్కర్లేదు.

మా ఇంట్లో దినపత్రికల సంగతి చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మా అత్తయ్యగారికి తెలుగు పేపరు కావాలి. పొద్దున్న కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని మొదటి పేజీ నుంచి శ్రద్ధాంజలి ప్రకటనల దాకా చదువుతారు. కుర్రాడు ఆలస్యం చేస్తే బాల్కనీలో నిలబడి వీధి మలుపు వైపు చూస్తూ ఉంటారు. అదే పేపరు ఫోనులో ఇంతకంటే తక్కువకే దొరుకుతుందని మా అబ్బాయి లెక్క చెప్పాడు. లెక్క సరైనదే, కానీ ఆవిడ ఫోనులో చదవరు. ఆ చందా జోలికి నేను వెళ్లను. పిల్లల ఇంగ్లీషు బాగుపడుతుందని వేయించుకున్న రెండో పేపరు సంగతి వేరు. పాత పేపర్లు తూకానికి వేసిన రోజున ఆ కట్టలో సగం పేపర్లకు మడతే విప్పలేదని కనిపించింది. మర్నాటి నుంచి వద్దని చెప్పాను. అది రావడం లేదన్న సంగతి ఇప్పటికీ ఎవరూ ఎత్తలేదు.

తేల్చుకోవడం తర్వాత సంగతి. ముందు అన్నీ ఒక చోటికి చేరాలి. బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటు పదమూడు నెలలకు తీసుకోండి. పన్నెండు నెలలకే తీసుకుంటే ఏడాదికోసారి పోయేవాటిలో తేదీ అటూ ఇటూ జరిగినవి తప్పిపోతాయి. క్రెడిట్ కార్డు ఉంటే దాని స్టేట్‌మెంటు విడిగా తీయాలి. ఒక పెన్సిలు తీసుకుని, ఒకే పేరుతో రెండుసార్లు కనిపించిన ప్రతి మొత్తం పక్కనా గుర్తు పెట్టండి. స్టేట్‌మెంటులో చాలాసార్లు మనం వాడే సేవ పేరు ఉండదు. దాన్ని నడిపే కంపెనీ పేరో, డబ్బు వసూలు చేసిపెట్టే సంస్థ పేరో ఉంటుంది. గూగుల్ ప్లే అని ఉంటే దాని వెనక ఏ యాప్ అయినా ఉండవచ్చు. పేరు అర్థం కాకపోతే ఆ తేదీన వచ్చిన ఎస్సెమ్మెస్సులు, ఈమెయిళ్లు వెతికితే సాధారణంగా దొరికిపోతుంది.

తర్వాత ఫోను చూడాలి. ఆండ్రాయిడ్ ఫోనులో ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపున్న మన బొమ్మ మీద నొక్కితే చెల్లింపులు, సబ్‌స్క్రిప్షన్ల వరుస వస్తుంది. ఐఫోనులో అయితే సెట్టింగ్స్‌లో మన పేరు మీద నొక్కితే సబ్‌స్క్రిప్షన్లు కనిపిస్తాయి. ఆ తర్వాత యూపీఐ యాప్‌లు. 2020 జూలైలో, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ, ఒకసారి అనుమతి ఇస్తే డబ్బు దానంతట అదే పోయే యూపీఐ ఆటోపే తెచ్చాక చందాల్లో చాలా భాగం కార్డు నుంచి ఇటు మళ్లాయి. ప్రతి యూపీఐ యాప్‌లో ఆటోపే అనే విభాగం ఉంటుంది. మనం ఎవరికి, ఎంతవరకు, ఎప్పటిదాకా అనుమతి ఇచ్చామో అందులో ఉంటుంది. రద్దు చేసే వీలూ అక్కడే ఉంటుంది. ఇంట్లో ఒకరు ఒక యాప్, ఇంకొకరు ఇంకో యాప్ వాడుతుంటే అన్నీ తెరిచి చూడాలి. ఫోనులోంచి యాప్ తీసేస్తే చందా ఆగిపోయిందని చాలామంది నమ్ముతున్నారు. ఆగదు. యాప్ పోయినా అనుమతి అలాగే ఉంటుంది, డబ్బు వెళ్తూనే ఉంటుంది.

ఒక్క రూపాయి కట్టి వారం రోజులు చూడండి అనే ప్రకటనల దగ్గర ఇంకొంచెం ఆగాలి. ఆ రూపాయికి మనం పిన్ కొట్టేటప్పుడు తెరమీద ఇంకో మూడు సంగతులు కనిపిస్తాయి: గరిష్ఠంగా ఎంత తీసుకోవచ్చు, ఎన్నాళ్లకోసారి, ఏ తేదీ వరకు. గరిష్ఠ మొత్తం దగ్గర వందలు, వేలు కనిపిస్తే మీరు అనుమతి ఇస్తున్నది రూపాయికి కాదు. పిన్ కొట్టే ముందు ఆ మూడూ పైకి చదవమని నా దగ్గరికి వచ్చేవాళ్లతో చెబుతాను. పైకి చదివితే చెయ్యి ఆగుతుంది.

రిజర్వు బ్యాంకు నిబంధనలు కూడా తెలిసి ఉండాలి. ఇలా మళ్లీ మళ్లీ పోయే చెల్లింపులకు డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందే మనకు కబురు రావాలి. వద్దనుకుంటే ఆపుకునే వీలూ ఉండాలి. 2022 జూన్ నుంచి 15,000 రూపాయల లోపు చందాలకు ప్రతిసారీ ఓటీపీ గానీ పిన్ గానీ అడగరు. మన ఇళ్లలోని చందాలన్నీ దాదాపు ఈ హద్దు లోపలివే కాబట్టి ఆ ముందస్తు ఎస్సెమ్మెస్సు ఒక్కటే మనకు దక్కే హెచ్చరిక. దాన్ని ప్రకటనల ఎస్సెమ్మెస్సుల్లో కలిపేసి తుడిచెయ్యకండి.

కోయకూడనివి

పెన్సిలు పట్టుకున్న ఉత్సాహంలో చిన్న మొత్తాలన్నీ కొట్టేసేవాళ్లను చూశాను. పాసుబుక్కులో మే, జూన్ నెలల్లో 20 రూపాయలు, 436 రూపాయలు పోయినట్టు కనిపిస్తే వాటిని ముట్టుకోవద్దు. ఇరవై రూపాయలది ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి రెండు లక్షలు వస్తాయి. 436 రూపాయలది జీవన జ్యోతి. మరణం ఏ కారణంగా జరిగినా రెండు లక్షలు. జూన్ 1 నుంచి మే 31 వరకు ఒక ఏడాది లెక్క. ఈ రెండూ ఆగిపోతే ఇంట్లో ఎవరూ అడగరు. అడగాల్సిన రోజు వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. నేను చెప్పే పరీక్ష బీమాకు పనికిరాదు. అయితే రెండు బ్యాంకుల్లో ఖాతాలుండి రెండింట్లోనూ ఒకే పథకానికి పోతుంటే ఒకటి ఆపించండి. ఒక మనిషికి ఒకే క్లెయిము ఇస్తారు, రెండో ప్రీమియం వృథా.

ఫొటోల నిల్వ కోసం కట్టేదీ ఇలాంటిదే. గూగుల్ ఖాతాకు ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ. అందులోనే ఈమెయిళ్లు, ఫొటోలు, ఆండ్రాయిడ్ ఫోనులో అయితే వాట్సాప్ బ్యాకప్ కూడా సర్దుకోవాలి. చందా ఆపేసి వాడకం ఆ హద్దు దాటి ఉంటే కొత్త ఈమెయిళ్లు రావడం ఆగిపోతుంది. రెండేళ్లపాటు అలాగే ఉంటే లోపలివి తొలగించే హక్కు కూడా వాళ్లకుంది. మనవరాలి అన్నప్రాశన ఫొటోలు అక్కడ ఉన్నవాళ్లు ఆపి చూద్దాం అనుకోకూడదు. ముందు ఫొటోలన్నీ ఒక హార్డ్ డిస్కులోకి దించుకుని, వాట్సాప్ గ్రూపుల్లో పేరుకున్న శుభోదయం బొమ్మలు, పండగ వీడియోలు తీసేసి చూడండి. చాలామందికి ఆ 15 జీబీయే సరిపోతుంది.

ఆపి చూడటం

మిగతా అన్నింటికీ ఒకే పద్ధతి. నెల చందా అయితే డబ్బు కట్టిన మర్నాడే రద్దు చేయండి. చాలా సేవల్లో కట్టిన నెల పూర్తయ్యేదాకా అది పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి నష్టం లేదు. ఉచితంగా ఇచ్చిన గడువులో మాత్రం కొన్ని అక్కడికక్కడే ఆగిపోతాయి, అది చూసుకోండి. ఏ నాటి నుంచో పాత ధరకే నడుస్తున్న ప్లాను అయితే, ఆపాక మళ్లీ అదే ధరకు ఇస్తారో లేదో ముందే కనుక్కోండి.

రద్దు చేసిన సంగతి ఇంట్లో చెప్పవద్దు. ఇది కొందరికి నచ్చకపోవచ్చు కానీ నేను గట్టిగానే చెబుతాను. "ఇది ఉంచనా, తీసేయనా?" అని అడిగితే ప్రతివాళ్లూ ఉంచమనే అంటారు. ఎప్పుడో అవసరం పడుతుందేమోనన్న భయం మాట్లాడుతుంది. నిజంగా వాడే మనిషి రెండో రోజునే వచ్చి అడుగుతాడు. వాడనివాళ్లకు ఆ నెల ఎలా గడిచిందో కూడా తెలియదు. మా ఇంట్లో పాటల చందా ఆగిన సాయంత్రమే మావారు వంటింట్లోకి వచ్చి, ఘంటసాల పాట మధ్యలో ప్రకటన వస్తోందేమిటని అడిగారు. రాత్రికల్లా మళ్లీ కట్టాను. సినిమాల కోసం తీసుకున్న రెండింట్లో ఒకదాన్ని సంక్రాంతికి వచ్చిన మా అమ్మాయి అడిగింది. అమ్మాయి వచ్చే పండగ నెలలకు మాత్రమే దాన్ని కడుతున్నాను. రెండోదాన్ని ఎవరూ అడగలేదు.

సినిమాలు, సిరీస్‌లు చూపించే సేవలకు ఏడాది పొడవునా కట్టాల్సిన పని చాలా ఇళ్లలో ఉండదు. ఒక నెల ఆహా, ఇంకో నెల నెట్‌ఫ్లిక్స్, క్రికెట్ ఉన్నప్పుడు జియోహాట్‌స్టార్. ఒక్కోటి కట్టి, చూడాల్సినవి చూసి, ఆపేసి ఇంకోదానికి వెళ్లవచ్చు. అంతకంటే ముందు మీ ఫోను రీఛార్జిలో, ఇంటర్నెట్ ప్లానులో ఏవి కలిసి వస్తున్నాయో చూడండి. రీఛార్జితో వస్తున్నదానికే విడిగా డబ్బు కడుతున్న ఇళ్లు మా అపార్ట్‌మెంటులోనే ఉన్నాయి. పెద్దవాళ్లకు భక్తి కార్యక్రమాలు కావాలంటే తిరుమల తిరుపతి దేవస్థానంవారి ఎస్వీబీసీ ఛానల్ ఉచితమే, యూట్యూబులోనూ వస్తుంది.

ఏడాదికి కడితే చవక అనే మాట దగ్గర కాగితం మీద చిన్న భాగాహారం చేయాలి. నేను చివరిసారి చూసినప్పుడు అమెజాన్ ప్రైమ్ నెలకు 299, ఏడాదికి 1,499. అంటే ఐదు నెలలకు మించి వాడేవాళ్లకే ఏడాది చందా లాభం. దసరా, దీపావళి రోజుల్లో తప్ప ఏమీ తెప్పించుకోనివాళ్లకు కాదు. పైగా ఏడాది గడిచేసరికి మనం కొన్న వస్తువే మారిపోతుంటుంది. 2025 జూన్ నుంచి ప్రైమ్ వీడియోలో ప్రకటనలు వస్తున్నాయి, అవి లేకుండా చూడాలంటే అదనంగా కట్టాలి. అందుకే పునరుద్ధరణ తేదీ వచ్చినప్పుడు దాన్ని కొత్తగా కొంటున్నట్టే చూడాలి. ఇవాళ ఇది మన దగ్గర లేకపోతే, ఈ ధరకు, ఇప్పుడున్న రూపంలో కొత్తగా కొంటామా? లేదనిపిస్తే ఆపెయ్యడమే.

జిమ్ విషయంలో ఏడాది ప్యాకేజీ అమ్మేవాళ్లు బలంగా ఒత్తిడి చేస్తారు. మొదట ఒక్క నెలకే కట్టండి. ఇప్పటికే సభ్యులైతే హాజరు చూపించమని అడగండి. ఇప్పుడు చాలా చోట్ల వేలిముద్రతోనే లోపలికి పంపుతున్నారు కాబట్టి ఆ లెక్క వాళ్ల దగ్గర ఉంటుంది. కట్టిన డబ్బును వెళ్లిన రోజులతో భాగిస్తే ఒక్కో రోజుకు ఎంత పడిందో తెలుస్తుంది. రోజుకు నాలుగైదు వందలు పడుతుంటే ఆ డబ్బుకు శిక్షకుడే ఇంటికి వస్తాడు. జిమ్ రుసుముపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. రసీదులో పాత శాతమే వేస్తుంటే అడగండి.

చందా వేషంలో ఉన్న అప్పు

ఇక్కడ మాత్రం నిదానంగా చదవండి, నన్ను బాగా బాధపెట్టేవి ఇవే. పిల్లల చదువుకని ఒక యాప్ తీసుకుంటారు. నచ్చకపోతే ఆపెయ్యవచ్చు, నెలకు ఇంతే అని అమ్మినతను చెబుతాడు. పాప నెలా రెండు నెలలు చూసి మానేస్తుంది. యాప్ తీసేసినా డబ్బు పోవడం ఆగదు. స్టేట్‌మెంటులో ఉన్నది చదువు చెప్పే కంపెనీ పేరు కాదు, ఒక ఫైనాన్స్ సంస్థ పేరు. ఆ రోజు ఓటీపీ చెప్పి ఒప్పుకున్నది నెల చందా కాదు, ఏడాదికో రెండేళ్లకో పూర్తి ధరకు అప్పు. కంపెనీకి డబ్బంతా ఎప్పుడో ముట్టింది, వీళ్లు కడుతున్నది వాయిదాలు.

ఇలాంటిది కనబడితే కోపంతో ఖాతా ఖాళీ చేసి కూర్చోకండి. వాయిదా వెనక్కి పోతే బ్యాంకు జరిమానా వేస్తుంది, ఫైనాన్స్ సంస్థ ఇంకొకటి వేస్తుంది, పైగా మనం అప్పులు ఎలా తీరుస్తున్నామో చూపే సిబిల్ స్కోరు పడిపోతుంది. రేపు ఇంటి రుణానికి వెళ్లినప్పుడు అది అడ్డం వస్తుంది. ముందు అప్పు ఒప్పందం కాపీ ఫైనాన్స్ సంస్థను అడిగి తెప్పించుకోండి. కంపెనీకీ, ఫైనాన్స్ సంస్థకూ ఒకే రోజున ఈమెయిలు పెట్టి, సేవ వద్దని, మిగతా అప్పు రద్దు చేయమని రాతపూర్వకంగా అడగండి. ఫోనులో ఇచ్చిన హామీ లెక్కలోకి రాదు. అప్పు మూసేశామంటే, బాకీ లేదన్న పత్రం చేతికి వచ్చేదాకా వదలకండి.

మాల్‌లో చీటీ నింపితే బహుమతి వచ్చిందని, భార్యాభర్తలిద్దరూ కలిసి హోటలుకు రావాలని పిలిచే విహారయాత్రల సభ్యత్వాలూ ఈ కోవలోవే. లక్షల్లో ఒకేసారి కట్టించుకోవడమే కాకుండా ఏటా నిర్వహణ రుసుము అంటారు, అది పెరుగుతూ పోతుంది. ఆ రోజే సంతకం పెడితేనే ఈ ధర అన్నప్పుడు లేచి వచ్చెయ్యండి.

వాడకం కోసం కానివి

అన్నింటినీ వాడకంతోనే కొలవకూడదు. నేను రెండు తెలుగు మాసపత్రికలకు ఏడాది చందా కడతాను. ప్రతి సంచికా పూర్తిగా చదువుతానని చెప్పను. అవి అచ్చులో ఉండాలని కడుతున్నాను. చందమామ అంతటి పత్రికే ఆగిపోయింది. చిన్న పత్రికలు చందాదారులు లేకపోతే ఎన్నాళ్లు నిలుస్తాయి? వీటిని నా లెక్కల పుస్తకంలో సరుకుల పక్కన కాకుండా, గుడికీ బడికీ ఇచ్చేవాటి పేజీలో రాస్తాను. ఆ పేజీకి ఏటా ఇంత అని ఒక హద్దు ఉంది, దాని లోపల ఎవరికి ఇవ్వాలో ఉగాదికి నిర్ణయించుకుంటాను. జీవిత చందా మాత్రం కట్టను. ఏటా కడితేనే పత్రికవాళ్లకు ఏటా డబ్బు అందుతుంది, నాకూ ఏటా ఆలోచించుకునే అవకాశం ఉంటుంది.

మనందరం ఎప్పటినుంచో కడుతున్నా వాడుకోని చందా ఒకటుంది. ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. అందులో గ్రంథాలయ సెస్సు ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద, ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున అది జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్తుంది. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఇదే పద్ధతి. పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవడానికి కొద్దిపాటి డిపాజిట్ కడితే చాలు. నెలనెలా పుస్తకాల యాప్‌కు డబ్బు కట్టే ముందు ఒకసారి మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లి రండి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో మా జిల్లా కేంద్ర గ్రంథాలయం పొద్దున్నుంచీ నిండి ఉంటుంది. ఆ కుర్చీలకూ పుస్తకాలకూ మన పన్నే ఆధారం.

రద్దు చేయబోతే దారి దొరక్కుండా తిప్పే సంస్థలూ ఉన్నాయి. ఒక్క నొక్కుతో చేర్చుకుంటారు, బయటకు వెళ్లాలంటే ఫోను చేయమంటారు, ఆ ఫోను ఎవరూ ఎత్తరు. ఇది చట్టరీత్యా తప్పు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇలాంటి 13 రకాల మోసపు పద్ధతులను గుర్తించి నిషేధించింది. చందాలోంచి బయటపడనివ్వకపోవడం అందులో ఒకటి. ముందు యూపీఐ యాప్‌లోనో, కార్డు ఇచ్చిన బ్యాంకు యాప్‌లోనో అనుమతిని మీరే రద్దు చేయండి. దానికి ఆ కంపెనీ ఒప్పుకోనక్కర్లేదు. రద్దు చేసినట్టు వచ్చిన తెరను ఫొటో తీసి ఉంచుకుని, తర్వాత కంపెనీకి ఈమెయిలు పెట్టండి. అప్పటికీ డబ్బు తీసుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు.

చివరికి మిగిలినవాటిని ఒక కాగితం మీద రాయండి: పేరు, ఎంత, ఏ తేదీ, ఏ ఖాతా లేదా కార్డు నుంచి, ఏ ఫోను నంబరుతో తీసుకున్నది, ఇంట్లో వాడేది ఎవరు. భర్త పోయాక ఆయన ఖాతా నుంచి నెలల తరబడి ఏవేవో చందాలు పోతుంటే, అవేమిటో తెలియక కౌంటరు ముందు నిలబడ్డ ఆడవాళ్లను నేను ఉద్యోగంలో ఉండగా చూశాను. ఆ కాగితం ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసిన చోట ఉండాలి. మాది బీమా పత్రాల ఫైలులో మొదటి కాగితం. పిన్‌లు, పాస్‌వర్డులు మాత్రం దాని మీద రాయకండి.